పేరు తీసేసిన మాత్రలు

అదే నేను అడుగుతున్నది. మనిషి ప్రాణాలతో ఉన్నాడు కాబట్టి ఇక నోరు మూసుకోవాలా? మా ఆడపడుచు ఫోన్‌లో అన్నది అదే మరి. "మా తమ్ముడు పానాలతోని బయటపడ్డడు. అది సాలదా నీకు? ఇంకేం గావాలె?" కోపంతో ఫోన్ పెట్టేశాను. మళ్ళీ నేనే చేశాను, ఎందుకంటే నాకు గట్టి జవాబులన్నీ ఫోన్ పెట్టేశాకే గుర్తొస్తాయి. "సాలదు వదినా" అన్నాను. "నీకైతే సాలుతదా?" లైన్ తెగిపోయింది. సిగ్నల్ పోయిందో, ఆమే పెట్టేసిందో ఇప్పటికీ తెలియదు.

చాలదు. రాసి మరీ చెబుతున్నాను.

నేను హైదరాబాద్‌లో పెరిగినదాన్ని. టీచర్ ట్రైనింగ్‌లో పరిచయమైన మనిషిని పెళ్ళి చేసుకుని వాళ్ళ ఊరికి వచ్చాను. భద్రాచలం నుంచి చర్ల వెళ్ళే బస్సు దిగి, మట్టిబాటలో రెండు కిలోమీటర్లు నడిస్తే వస్తుంది ఆ ఊరు. ఆయన ఆశ్రమ పాఠశాలలో సారు. నేను పక్క ఊరి బడిలో వలంటీరుని. ఇంట్లో మూడో మనిషి మా అత్తమ్మ. ఎండాకాలం వస్తే తెల్లారకముందే ఇప్పపువ్వు ఏరడానికి వెళ్ళేది, మిగతా కాలమంతా పొలంలో ఉండేది. నేను మాత్రం ఎప్పుడూ ఫోన్ చేత్తో పట్టుకుని వాకిట్లో తిరుగుతూ ఉండేదాన్ని, ఏ మూల ఒక్క గీత సిగ్నల్ వస్తుందా అని. "గా డబ్బను ఒక్క నిమిషం కింద పెట్టు పిల్లా, అది గుడ్లేం పెట్టదు" అనేది అత్తమ్మ.

పెళ్ళయిన రెండో వానాకాలం. బడిలో పిల్లలు పడుకునే గది కారుతోందని మా ఆయనే పైకెక్కాడు. నాచు పట్టిన సిమెంటు రేకు విరిగింది. కింద గచ్చు మీద నడుం ఆని పడ్డాడు. ఖమ్మంలో ఆపరేషన్ చేశారు. వెన్నుపాము పూర్తిగా తెగలేదు, నలిగింది అన్నారు. ఏడు నెలలు మంచంలో ఉన్నాడు. ఆ తర్వాత కాళ్ళకు ఇనుప పట్టీలు, రెండు చంకల్లో కర్రలు పెట్టుకుని లేచి నిలబడ్డాడు. మళ్ళీ బడికి వెళ్ళిన రోజు ఊరంతా వచ్చి చూసింది. అందరూ ఆయన కాళ్ళవైపే చూశారు. కాళ్ళు కదిలితే మనిషి బాగైనట్టే అని వాళ్ళ లెక్క.

మా ఇద్దరి మధ్య ఏమీ బాగవలేదని నాకు తెలుసు, ఆయనకు తెలుసు. ఆయన గోడవైపు తిరిగి పడుకునేవాడు. నేను ఫోన్‌లో పాము ఆట ఆడుకునేదాన్ని. ఆ ఆటలో మా మండలంలో నన్ను మించినవాళ్ళు ఉండరు, అన్ని నెలలు ఆడాను.

ఖమ్మంలో మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు పెద్ద డాక్టరు అన్నీ అడిగాడు. నడక, మూత్రం, పుండ్లు, నిద్ర. అన్నీ బాగున్నాయని ఫైలు మూసేశాడు. అప్పుడు నేను అన్నాను.

"డాక్టర్ గారూ, మేమిద్దరం మొగుడూ పెళ్ళాల్లా ఉండటం లేదు. దానికి మందుందా, లేదా?"

మా ఆయన కాలు తొక్కగలిగితే తొక్కేవాడే. తొక్కలేడు కాబట్టి నా మోచేయి గిల్లాడు.

డాక్టరు ఫైలు మళ్ళీ తెరిచాడు. ఆ తెరవడానికి నేను ఆయనకు ఎప్పటికీ రుణపడి ఉంటాను. నవ్వలేదు, గొంతు తగ్గించలేదు. "మంచిగ అడిగినవమ్మా. చానామంది అడగకుండనే ఇంటికి పోతరు. అడగకపోతే మేం కూడ కాళ్ళే చూస్తం" అన్నాడు. తర్వాత మా ఆయనవైపు తిరిగి, బడిపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. నరం నలిగింది కాబట్టి మనసు పంపే కబురు ఒంటికి సగమే చేరుతోంది. ఈ మాత్ర ఆ సగం కబురుకు బలమిస్తుంది, అంతే. మనసు లేకపోతే మాత్ర ఏమీ చేయదు. ఒకసారి వాడి వదిలేసేది కాదు, అవసరమైనన్నాళ్ళు, బహుశా ఎప్పటికీ. ఆరు నెలలకోసారి వచ్చి బీపీ చూపించుకోవాలి. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్రలు వాడేవాళ్ళు దీన్ని ముట్టుకోకూడదు. తలనొప్పి రావచ్చు, మొహం ఎర్రబడవచ్చు, ముక్కు మూసుకుపోవచ్చు. కళ్ళు తిరిగితే వెంటనే చెప్పాలి.

"ఎప్పటికీనా సార్?" అన్నాడు మా ఆయన.

"నాకు షుగరు. నేను కూడ ఎప్పటికీ ఏసుకునుడే. ఏమైంది ఇప్పుడు?"

బయటికొచ్చాక మా ఆయన మెట్ల దగ్గర ఆగి ఒక షరతు పెట్టాడు. "వాడుత. కానీ ఈ ముచ్చట నీకు, నాకు, డాక్టరుకు. నాలుగో మనిషికి తెల్సిందంటే ఆ రోజుతోని బంద్." నేను ఒప్పుకున్నాను. ఆ క్షణంలో ఆయన తలకిందులుగా నడవమన్నా ఒప్పుకునేదాన్ని.

షరతు ఎంత గట్టిదంటే, ఖమ్మంలో మందుల షాపాయన దగ్గరే డాక్టరు చిట్టీని ఉంచేశాం, ఇంట్లో ఎవరి కంటా పడకూడదని. పెద్దాయన, మంచి మనిషి. ఆ చిట్టీని తన గల్లాలో దాచి, నేను వెళ్ళిన ప్రతిసారీ ఏమీ అడగకుండా కాగితంలో చుట్టి ఇచ్చేవాడు. నేను భద్రాచలం బస్టాండులో కూర్చుని ఒక్కో మాత్రనూ అట్టలోంచి నొక్కి తీసి, ఖాళీ బలం బిళ్ళల సీసాలో వేసి, పేరున్న అట్టలన్నీ చెత్తకుండీలో పడేసేదాన్ని. తెలివైన పని చేస్తున్నానని అనుకునేదాన్ని కూడా.

మొదట్లో మాత్ర పనిచేయలేదు. మా ఇద్దరికీ వీలుండేది ఆదివారం మధ్యాహ్నమే. ఆ రోజు సంత, అత్తమ్మ తిండి కాగానే వెళ్ళి పొద్దు వాలాక గానీ వచ్చేది కాదు. అదే రోజు ఇంట్లో కోడి కూర. అత్తమ్మ దాన్ని ఇప్పనూనె పోసి వండుతుంది, నూనె పైకి తేలకపోతే ఆమెకు అది కూరే కాదు. ఈయన కడుపునిండా తిని, మాత్ర వేసుకుని, ఎదురుచూసి, గోడవైపు తిరిగేవాడు. నాలుగు ఆదివారాలు అలా అయ్యాక "నా నరం సచ్చింది, డాక్టరు అబద్ధం జెప్పిండు" అన్నాడు. నేను సిగ్నల్ మూలలో నిలబడి డాక్టరుకు ఫోన్ చేసి అరిచాను. ఆయన ఓపికగా అంతా విని అడిగిన మొదటి మాట: "ఏం తిన్నడమ్మా?"

బరువు తిండి మీద వేసుకుంటే మందు ఒంటికి పట్టడం ఆలస్యమవుతుందట. ఖాళీ కడుపుతో వేసుకుని, గంట ఆగాలట. అంతే. కోడి కూర కోసం కాపురం పోగొట్టుకునేవాళ్ళం.

ఆ తర్వాతి ఆదివారం ఈయన తలనొప్పిగా ఉందని చెప్పి అన్నం తినలేదు. అత్తమ్మ గిన్నె మీద మూత పెట్టి సంతకు వెళ్ళిపోయింది. నేను వాకిట్లోంచి "వేసుకున్నావా?" అని మెసేజ్ పెట్టాను, చుట్టుపక్కల వాళ్ళకు వినబడకూడదని. అది మా సిగ్నల్ పుణ్యాన సోమవారం పొద్దున ఆయన మూడో తరగతిలో ఎక్కాలు చెబుతుండగా చేరింది. "ఇప్పుడా? బడిల ఉన్న" అని జవాబొచ్చింది. పడిపోయాక ఆయన నాతో ఆడిన మొదటి పరాచికం అదే. ఎందుకంటే ఆ ఆదివారం మాత్ర పనిచేసింది. ఇంతకన్నా రాయను. ఆ రోజు తర్వాత ఆయన గోడవైపు తిరగడం మానేశాడని మాత్రం రాస్తాను.

ఇలా రెండేళ్ళు గడిచాయి. పరీక్షకు ఆయన వచ్చేవాడు, మధ్యలో మందు అయిపోతే నేను ఒక్కదాన్నే వెళ్ళేదాన్ని. ఒకసారి డాక్టరు ఆరు నెలలకు రాసిచ్చాడు. ముప్పై మాత్రలు. ఎప్పటిలాగే సీసాలో పోసుకుని బస్సెక్కాను.

మా అడవి దారిలో ఒక చెక్‌పోస్టు ఉండేది. బస్సు అక్కడ ఆగేది. అందరం దిగి, సంచులు తెరిచి చూపిస్తూ వరసలో నడిచి, అవతల మళ్ళీ ఎక్కాలి. ఆ రోజుల్లో ఆ దారిన బియ్యం ఎక్కువ పట్టుకెళ్ళినా, బ్యాటరీలు పట్టుకెళ్ళినా, మందులు పట్టుకెళ్ళినా ఎవరికని అడిగేవారు. అడవిలో తుపాకులతో తిరిగేవాళ్ళకు చేరుతాయని అనుమానం. ఊళ్ళో ముసలమ్మలు సైతం జ్వరం బిళ్ళలు తెచ్చుకున్నా చిట్టీని పైటకొంగున కట్టుకుని వచ్చేవాళ్ళు. అది తెలియని తెలివితక్కువది మొత్తం బస్సులో నేనొక్కదాన్నే. అన్నాళ్ళూ చిన్న సీసా కాబట్టి, ఉల్లిగడ్డల కింద ఉండేది కాబట్టి, దొరకలేదు.

ఆ రోజు దొరికింది. కానిస్టేబులు సీసాను ఆఫీసరుకు ఇచ్చాడు. ఆఫీసరుది నా వయసే ఉంటుంది. మూత తీసి చూశాడు.

"ఏం గోళీలమ్మా ఇవి?"

"మా ఆయనవి."

"ఏం బీమారి?"

"నడుం దెబ్బ."

"నడుం దెబ్బకు ఇన్ని నీలం గోళీలా? అట్టలేవి? పేరేది? చిట్టీ ఏది?"

"చిట్టీ ఖమ్మంల షాపుల ఉన్నది సార్."

"చిట్టీ షాపుల పెట్టి మందు అడవిలకు తెస్తరా ఎవరన్న?"

నిజమే, ఎవరూ తేరు. డాక్టరుకు ఫోన్ చేస్తానని ఫోన్ పైకెత్తాను. గీత లేదు. అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేశాను. "ఒక్క దగ్గర నిలబడమ్మా" అన్నాడు కానిస్టేబులు. చీపుర్లు అమ్ముకుని తిరిగి వెళ్తున్న ఒక ముసలామె నా వెనకే వరసలో ఉంది, మా పక్క గూడెం మనిషి. "సారూ, గీ బిడ్డ మా సారు పెండ్లాం. బడి రేకు మీదికెల్లి పడ్డడు సూడు, గా సారు" అంది.

"అది సరే అవ్వా. ఇవి నొప్పుల గోళీలు గావు గద. ఇవేంది మరి?" అని, ఆఫీసరు రిజిస్టరు తెరిచాడు. "సారు పేరు జెప్పండి. ఊరు జెప్పండి. రేపు సారునే ఇక్కడికి రమ్మనండి, మాట్లాడుదం."

రెండు కర్రల మీద నడిచే మనిషిని, అనుమానితుడిగా, ఆ వరసలో నిలబెట్టడం నాకు కళ్ళ ముందు కనిపించింది. ఒకసారి ఆ పుస్తకంలో పేరెక్కితే సర్కారు ఉద్యోగం ఏమవుతుందో కూడా. షరతు గుర్తులేదని చెప్పను. గుర్తుంది. గుర్తుండే మాట్లాడాను.

"నా మొగనికి నడుం కింద నరాలు సగమే పనిజేస్తయి సార్. మేం మొగుడు పెండ్లాల లెక్క ఉండాలంటే గీ గోళీ గావాలె. గిది దానికే. రాసుకుంటరా? రాసుకోండి. స్పెల్లింగ్ నేను జెప్త."

నా గొంతు చిన్నప్పటి నుంచీ పెద్దదే. బస్సు దగ్గర బీడీ తాగుతున్న డ్రైవరు కూడా ఇటు తిరిగాడు. కానిస్టేబులు పక్కామె సంచిలో చింతపండును ఎన్నడూ చూడనట్టు చూస్తూ ఉండిపోయాడు. ఆఫీసరు చెవులు ఎర్రబడ్డాయి. ఏమీ రాయకుండా రిజిస్టరు మూశాడు, సీసా మూత బిగించాడు, నా చేతికిచ్చాడు.

"పోండమ్మా." నేను నాలుగడుగులు వేశాక వెనక నుంచి మళ్ళీ అన్నాడు, మెల్లగా. "అట్టలల్లకెల్లి తియ్యకండి. గాలి తగిలితే మందు కరాబైతది. చిట్టీ దగ్గర వెట్టుకోండి." అతనిమీద నాకు కోపం రావాలి. రాలేదు. వెకిలిగా ఒక్క నవ్వు నవ్వి ఉంటే నేను ఏమైపోయేదాన్నో. నవ్వలేదు.

బస్సులో చీపుర్ల ముసలామె నా పక్కనే కూర్చుంది. కొంతసేపటికి మోచేత్తో పొడిచింది.

"మంచిగ పనిజేస్తదా?"

"దేని గురించి పెద్దమ్మా?"

"దేని గురించి అడుగుత? గా గోళీ గురించే."

"చేస్తది."

"మా అల్లుడు తాటిచెట్టు మీదికెల్లి పడి మూడేండ్లాయె. కర్ర పట్టుకొని నడుస్తడు. నా బిడ్డ వాన్ని ఇడిసి నా ఇంట్ల కూసున్నది. ఎందుకే అంటే జెప్పదు. నాకు తెల్వదా." కిటికీలోంచి బయటికి చూసింది. "వానికి పనిజేస్తదా?"

"నేను డాక్టరును గాను పెద్దమ్మా. మా ఆయనను అడగాలె" అన్నాను. అని నాలుక కరుచుకున్నాను.

ఊరి నోటికి ముందు నా నోటే వెళ్ళాలని, ఇంటికెళ్ళగానే మొత్తం చెప్పేశాను. ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది, నేనూ అరిచేదాన్ని.

"ఎంతమంది ఉన్నరు?"

"బస్సు నిండ."

"మాటంటే మాటే" అన్నాడు. సీసాను పెట్టెలో అడుగున పెట్టమన్నాడు. ఆ ఆదివారం కోడి కూర అందరికన్నా ముందు తిన్నాడు. మరుసటి ఆదివారం కూడా. బడికి పెద్దదారి వదిలి చేలగట్ల మీదుగా వెళ్ళడం మొదలుపెట్టాడు, కర్రలు బురదలో దిగబడుతున్నా సరే. గోడ మళ్ళీ మాకు మూడో మనిషి అయింది. నేను రోజుకొకసారి క్షమించమన్నాను, రోజుకు రెండుసార్లు పోట్లాడాను. దేనికీ కదల్లేదు. నాకు దడ పుట్టింది. రేకు విరిగిన రోజు పోగొట్టుకున్న మనిషిని డాక్టరు తిరిగి ఇస్తే, నేను నోటితో మళ్ళీ పోగొట్టుకున్నానా అని.

మూడో ఆదివారం అత్తమ్మ సంతకు వెళ్ళలేదు. చింతపండు గింజలు తీస్తూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"గోళీలు బంద్ వెట్టిండా?"

నేను నోరు తెరిచాను. "నీకెట్ల తెల్సు అత్తమ్మా?"

"రెండేండ్ల సంది ఐతారం ఐతారం తలకాయ నొస్తుందని కూర తినకపోతుండె. నేను సంతకు పోయొచ్చేసరికి గిన్నె నాకి పెట్టేటోడు. ఇప్పుడేమో ముందుగాల్నే తింటున్నడు." గింజను పక్కకు విసిరింది. "నాకు ఉప్పు పప్పుకు సాయంత్రం దాక సంతల ఏం పని ఉంటదనుకున్నవ్?"

నేను ఆమె మోకాలి మీద తల పెట్టాను. ఆమె చేతికి చింతపండు అంటి ఉంది, అదే చేత్తో నా జుట్టు నిమిరింది. నెత్తంతా జిగటైంది. "మరి నువ్వే జెప్పరాదు నీ కొడుక్కు" అన్నాను. "తల్లి జెప్పే ముచ్చటనా గది? తానంతల తానే రావాలె" అంది.

ఆ వారంలోనే చీపుర్ల ముసలామె అల్లుణ్ణి ఎవరిదో మోటారు సైకిలు ఎక్కించి తెచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో అతనికి. కల్లుగీత కార్మికుడు, భుజాలు ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి. అరుగు మీద మా ఆయనకు ఎదురుగా కూర్చుని, కర్రను ఒళ్ళో పెట్టుకుని, చాలాసేపు వానల గురించి మాట్లాడాడు. తర్వాత తల దించుకుని అన్నాడు.

"సారూ, గా గోళీ ముచ్చట నిజమేనా?"

మా ఆయన నావైపు చూశాడు. నేను ఫోన్ వైపు చూశాను. లేదు, అబద్ధం అని ఒక్క మాట అంటే అయిపోయేది. బస్సులో ఏం విన్నారో ఏమో అని ఊరు కూడా ఒప్పుకునేది. అతను లేచి వెళ్ళిపోయేవాడు.

"గుండె గోళీలేమన్న వాడుతవా?" అన్నాడు మా ఆయన.

"లేదు సారూ."

"బీపీ చూపెట్టుకున్నవా ఎన్నడన్న? కాళ్ళల్ల తిమ్మిరి ఉంటదా?" ఒక్కొక్కటే అడిగాడు, తరగతిలో అడిగినట్టే. డాక్టరు ఆయనకు చెప్పినవన్నీ అదే వరసలో అతనికి చెప్పాడు. చివర్న గొంతు గట్టిచేశాడు. "దుకాణంల అడిగి కొనుక్కోకు. నా గోళీ నీకు అక్కెరకు రాకపోవచ్చు. ముందు దవాఖానల చూపెట్టాలె. బేస్తారం సెలవు వెడత, నేను గూడ వస్త."

అతను లేచేటప్పుడు మా ఆయన చేయి పట్టుకున్నాడు. ఇద్దరూ కర్రల మనుషులే, ఎవరు ఎవర్ని లేపుతున్నారో తెలియలేదు. ఆ ఆదివారం మా ఆయన కూర తినలేదు. అత్తమ్మ నాతో ఒక్క మాట అనకుండా సంచి తీసుకుని సంతకు బయల్దేరింది.

కథలో అయితే అతనికీ అంతా బాగైపోవాలి. కాలేదు. అతని దెబ్బ ఇంకో చోట, మాత్ర మాకు చేసినంత అతనికి చేయలేదు. డాక్టరు మోతాదు మార్చాడు, వేరే దారులు కూడా ఉన్నాయని చెప్పాడు. అయినా ముసలామె కూతురు భర్త దగ్గరికి వచ్చింది, అలిగి వెళ్ళింది, మళ్ళీ వచ్చింది, ఇప్పుడైతే ఉంది. "ఏందో సెప్పకుండ ఉన్నప్పుడే నాకు మంట. ఇప్పుడు సెప్తున్నడు" అని నాతో అంది. ఆ తర్వాత ఇంకో ఇద్దరు మా అరుగు మీదికొచ్చి మొదట వానల గురించి మాట్లాడారు. ఎవరైనా మరీ ఎక్కువసేపు వానల గురించి మాట్లాడితే మాకు అర్థమైపోతుంది.

మా ఆయన ఆ మాత్ర మీద ఇన్నేళ్ళుగా ఉన్నాడు. మధ్యలో ఒకసారి తలనొప్పి ఎక్కువైతే డాక్టరు మోతాదు తగ్గించాడు. వేసుకున్న రోజు ముక్కు దిబ్బడతో ఆయన గొంతు మారిపోతుంది, నాకు అది ముద్దుగానే ఉంటుంది. వాడగా వాడగా పనిచేయడం మానేస్తుందేమోనని మొదట్లో భయపడ్డాం, ఇప్పటివరకైతే మాకు ఆ దిగులు రాలేదు. ఇప్పుడు మాత్రలు అట్టల్లోనే వస్తాయి, పేరుతో సహా. చిట్టీ ఆయన చొక్కా జేబులో ఉంటుంది. మాకు ఒక ఆడపిల్ల కూడా ఉంది. దానికి వేరే వైద్యం పట్టింది, అది వేరే కథ.

కృతజ్ఞతలు చెప్పడం నాకు బాగా రాదు, పోట్లాడటమే వచ్చు. అయినా ఫైలు మళ్ళీ తెరిచిన డాక్టరుకు, గల్లాలో చిట్టీ దాచిన షాపాయనకు, నవ్వని ఆ ఆఫీసరుకు, సంతలో ఊరికే పొద్దుపుచ్చిన అత్తమ్మకు, మోచేత్తో పొడిచిన పెద్దమ్మకు, అందరికన్నా ఎక్కువగా ఆ అరుగు మీద అబద్ధం చెప్పగలిగీ చెప్పని మా ఆయనకు, నా దండాలు. కాపురాన్ని బజారున పెట్టానని, మా ఆడపడుచుతో సహా, ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. పెట్టాను. ఆ రోజు ఆ రోడ్డు మీద నేను మర్యాదగా తల వంచుకుని ఊరుకోవాల్సిందని, గీత కార్మికుడి భార్య ముందు నిలబడి చెప్పగలవాళ్ళు మీలో ఎవరైనా ఉన్నారా?